జట్టు నుండి జట్టుకు: కొఠారి సుబ్బన్న నాయుడు ఆటజీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఉదయమున గ్రంథాలయమునకు వచ్చు యువకులలో పెక్కురు వార్తాపత్రికను కడపటి పుట నుండి చదువుట అందరెరిగినదే. దీనిని గూర్చి పెద్దలు అప్పుడప్పుడు విసుగుకొందురు. విసుగుకొన నక్కరలేదు. ఏ పుట నుండి మొదలిడినను చదువు చదువే. కాని ఆ కడపటి పుటలో 2008 నుండి ఒక క్రొత్త మాట వచ్చి చేరినది: ఫలానా ఆటగానిని ఫలానా జట్టు ఇన్ని కోట్లకు కొన్నదట, ఫలానావాడు అమ్ముడుపోలేదట. నారాయణవలస సంతలో ఎడ్ల బేరము చూచినవారికి ఈ మాటలు క్రొత్త కాదు. మనుష్యుల విషయమున వినుట మాత్రమే క్రొత్త. నిజమునకు అదియును క్రొత్త కాదు. ఆటనే బ్రతుకుగా చేసికొని, నేడొక జట్టుకు, రేపొక జట్టుకు ఆడుచు, ఊరు మార్చుచు పోయినవారు వెనుకను కలరు. వేలము లేదు, కోట్లు లేవు, అంతియే భేదము. అట్టి వారిలో ఒక తెలుగువాని కథ నేటి విషయము.

ఈ ప్రాంతమున దేహబలముతో బ్రతికిన మనిషి యనగనే కోడి రామమూర్తి నాయుడుగారు గుర్తునకు వచ్చుదురు. వారి జన్మస్థలమైన వీరఘట్టము నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినను, సిక్కోలువారు ఆయనను తమవానిగానే చెప్పుకొందురు. విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, సర్కసు కట్టి, దేశదేశములు తిరిగి, 1942లో కన్నుమూసిరి. అయితే రామమూర్తిగారికొక సౌకర్యము ఉండెను. ఆయన ఒక్కడే జట్టు. డేరా ఆయనది, టిక్కెట్టు ఆయనది, ఏనుగును ఎక్కించుకొన్న ఱొమ్మును ఆయనదే. బంతి వేయు ఆటగానికి ఆ వీలు లేదు. అతనికి పదిమంది తోడు కావలెను, మైదానము కావలెను, ఎదుటి జట్టు కావలెను, వీటన్నిటికి సొమ్ము పెట్టువాడొకడు కావలెను. సొమ్ము పెట్టువాడున్న చోటికి ఆటగాడు పోవలసినదే గాని, ఆటగాడున్న చోటికి సొమ్ము రాదు.

కొఠారి సుబ్బన్న నాయుడు 1914 ఏప్రిల్ 18న నాగపూరులో జన్మించెను. కొఠారివారు మచిలీపట్నము నుండి నాగపూరునకు తరలిపోయిన కుటుంబమని చెప్పుదురు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు న్యాయవాది. సుబ్బన్నకు పదునెనిమిదేండ్లు పెద్దయైన అన్నగారే కొఠారి కనకయ్య నాయుడు. ఇంగ్లీషు పత్రికలవారు పెట్టిన పొడి అక్షరములతో సి. కె. నాయుడుగా లోకమెరిగిన ఆయన, 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశము తొలి టెస్టు ఆడినప్పుడు నాయకుడు. తమ్ముడు సి. ఎస్. నాయుడు. రెండు పేర్లకు నడుమ భేదము ఒక్క అక్షరము. ఆ ఒక్క అక్షరము వలన కలిగిన లాభనష్టములను తమ్ముడు జీవితాంతము మోసెను. అన్న నాయకుడు గనుక తమ్మునికి చోటు దొరకెనని కొందరనిరి. అన్నతో పోల్చినందుననే తమ్ముడు చిన్నగా కనబడెనని మరికొందరనిరి. ఉమ్మడి కుటుంబములో పుట్టినవారికి ఈ రెండు మాటలు విడమరచి చెప్ప నక్కరలేదు.

సుబ్బన్న బంతిని మణికట్టుతో త్రిప్పి వేయువాడు. నేలను తాకిన పిదప బంతి కుడిచేతి ఆటగాని కాలివైపు నుండి అవతలకు తిరుగుట ఈ విద్యలో సామాన్యమైన పని. అదే చేతి ఊపుతో, చూపునకు ఏ భేదము తెలియకుండ, బంతిని ఇవతలకు త్రిప్పుట గూఢమైన పని. దానినే గూగ్లీ యందురు. ఇది చాల కష్టమైన విద్య. వ్రేళ్లతో త్రిప్పువానికి గుఱి తప్పదు. మణికట్టుతో త్రిప్పువానికి దినమునకొక తీరుగా పడును. బాగుగ పడిన నాడు ఆటగాండ్రు ఒకరివెంట ఒకరు వెడలిపోవుదురు. పడని నాడు బంతులు కంచె దాటి పోవుచుండును. ఇట్టివానిని పెట్టుకొను నాయకునికి ఓపికయు, సాహసమును ఉండవలెను. ఇది గాక సుబ్బన్న బ్యాటు పట్టి బాదగలవాడు, మైదానమున చురుకుగా బంతి నాపువాడు. జట్టు నడుపువానికి ఒక్కని భత్యముతో ముగ్గురు దొరికినట్లే.

ఇక భత్యము మాట. ఆ కాలమున మన దేశమున క్రికెట్ ఆటగానికి జీతమనునది పేరునకు లేదు. ఇంగ్లాండులో కూలికి ఆడువారు వేరు, సరదాకు ఆడు దొరలు వేరు. ఒకే జట్టులోనివారైనను మైదానములోనికి వేరువేరు ద్వారముల గుండ వచ్చుచుండిరి. మన దేశమున అందరు సరదాకే ఆడుచున్నట్లు లెక్క. మరి కడుపు నిండుట ఎట్లు? దీనికి సంస్థానములు ఒక ఉపాయము చేసెను. ఆటగానిని పిలిచి, సైన్యములోనో, కొలువులోనో, రాజుగారి అంగరక్షక వర్గములోనో ఒక ఉద్యోగమిచ్చుట. ఉద్యోగము పేరునకు; పని మైదానములో. 1923లో హోల్కారు మహారాజు కనకయ్య నాయుడును ఇందూరునకు పిలిపించి సైన్యములో కెప్టెను పదవి ఇచ్చిరి. తరువాత ఆయన కర్నలు. విజయ హజారే వంటి మహా ఆటగాడును సంస్థానపు కొలువులలో నుండియే ఆడెను. ఆ కెప్టెన్లు, కర్నళ్లు యుద్ధములో నెగ్గిన కోటలను లెక్కించువారు లేరు. మైదానములో చేసిన పరుగులను లెక్కించువారు మాత్రము లక్షలమంది.

ఈ పోషణలో మన ఉత్తరాంధ్రకును గట్టి పాలు కలదు. విజయనగరమున 1905లో జన్మించిన మహారాజకుమార విజయానంద గజపతిరాజుగారు, దేశమంతయు విజ్జీ యని పిలిచినవారు, కాశీలోని తమ భవనమున మైదానము కట్టించి, సొంత జట్టు పెట్టిరి. 1930-31లో ఇంగ్లాండు మహామహులైన జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ లను రప్పించి, తమ జట్టుతో భారతదేశమంతట, సింహళమునను త్రిప్పిరి. ముష్తాక్ అలీ వంటి బాలుని చేరదీసి ఆట నేర్పించిరి. ఆయన ఆటను గూర్చి లోకము నవ్వినమాట నిజము. టెస్టులలో మొత్తము 33 పరుగులు మాత్రమే చేసిరి. అయినను విజయనగరపు సొమ్ముతో బ్రతికిన ఆటగాండ్రు మంచి ఆటగాండ్రని ఒప్పుకొనక తప్పదు. నేటికిని విజయనగరములో ఆయన పేర క్రీడాప్రాంగణము కలదు.

సుబ్బన్న నాయుడు పందొమ్మిదేండ్ల వయస్సున, 1934 జనవరిలో కలకత్తాలో ఇంగ్లాండుపై తొలి టెస్టు ఆడెను. నాయకుడు అన్నగారే. 1936లో విజ్జీగారి నాయకత్వమున ఇంగ్లాండులో పర్యటించిన జట్టులోను ఆయన ఉండెను. ఆ యాత్ర చెడిన తీరు క్రికెట్ చరిత్ర చదివినవారందరికి తెలిసినదే. జట్టు ముఠాలుగా చీలెను. లాలా అమరనాథ్‌ను నడుమనే ఇంటికి పంపిరి. నాయుడు సోదరులు ఒక వైపు, నాయకుడు ఒక వైపు అన్నట్లుండెను. అయినను ఆ ఏడు జూలైలో మాంచెస్టరున జరిగిన టెస్టు మన తెలుగువారికి చెప్పుకొనదగినది. పదునొకండు మందిలో నలుగురు తెలుగు ఇండ్లవారు: విజయనగరపు రాజకుమారుడు, నాయుడు సోదరులిద్దరు, నలుబది యేండ్ల వయస్సున మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేసిన కోటా రామస్వామి. నలుగురును తెలుగుదేశము నుండి రాలేదు. ఒకరు కాశీ నుండి, ఒకరు మద్రాసు నుండి, ఇద్దరు మధ్య భారతమున నుండి వచ్చిరి. తెలుగువారు ఆడిరి గాని, ఆడుటకు తెలుగునాట జట్టు లేదు.

టెస్టు ఆటలో సుబ్బన్న నాయుడు లెక్కలు చూచినవారు పుస్తకము మూసివేయుదురు. 1934 మొదలు 1951-52 ఋతువు వరకు పదునొకండు టెస్టులు. 359 పరుగులిచ్చి రెండే వికెట్లు. అదే మనిషి మొదటి తరగతి క్రికెట్‌లో, అనగా రాష్ట్రముల జట్లు, సంస్థానముల జట్లు ఆడు మ్యాచులన్నిటను కలిపి, 647 వికెట్లు తీసికొనెను. బ్యాటుతో 5,700కు పైబడిన పరుగులు. ఒకవైపు రెండు, ఒకవైపు ఆరువందల నలుబదియేడు. ఏది నిజమైన కొలత? పెద్ద మైదానమున ఓడినవాడు పెద్దవాడు కాడని తీర్పు చెప్పుట సులభము. కాని ఇందు ఒక మాట విచారింపవలసి యున్నది. మణికట్టు విద్యకు వరుసగా ఆడుట కావలెను. పదునెనిమిది ఋతువులలో పదునొకండు అవకాశములు, అవియు ఏండ్ల ఎడముతో. నడుమ యుద్ధము వలన 1936 నుండి 1946 వరకు భారతదేశమునకు ఒక్క టెస్టును లేదు. బంతి బాగుగ తిరిగిన ఇరువదిరెండు మొదలు ముప్పదిరెండు వరకుగల వయస్సు అంతయు ఆ పదేండ్లలోనే గడచిపోయెను. వాన పడవలసిన కార్తెలో పడకపోయిన, తరువాత పడిన వాన పంటకు అక్కరకు రాదు. అయితే ఆయనకు న్యాయము జరుగలేదని పూర్తిగా అనుటయు న్యాయము కాదు. దొరికిన అవకాశములలో ఆయన మెప్పింపలేకపోయిన మాటయు నిజమే.

ఆ పదేండ్లలో ఆయన చేసిన పని అంతయు రంజీ ట్రోఫీలో కనబడును. ఆ పోటీలు 1934-35లో ప్రారంభమైనవి. యుద్ధకాలమున పర్యటన జట్లు లేవు గాని సంస్థానముల పంతములు తగ్గలేదు. బరోడాలో 1939లో క్రొత్త మహారాజు సింహాసనమెక్కిరి. అక్కడ మేలైన జట్టు కూడినది. సుబ్బన్న బరోడా పక్షమున ఆడెను. 1942-43లో బరోడా, హైదరాబాదును ఓడించి ట్రోఫీ గెలిచినది. ఆ ఋతువులో ఆయన నలుబది వికెట్లు తీసికొనెను. రంజీ పోటీలలో ఒక ఋతువున నలుబది వికెట్లు అంతకుముందు ఎవరును తీయలేదు. నాటి ఋతువున జట్టు ఆడు మ్యాచులు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. కావున ఆ నలుబది, నేటి నలుబది కాదు.

తరువాత ఆయన అన్నగారి హోల్కారు జట్టునకు మారెను. ఇందూరులో 1945 నాటికి వింతైన కూడిక కూడియుండెను. నాయకుడు నలుబదితొమ్మిదేండ్ల కనకయ్య నాయుడు. ముష్తాక్ అలీ. వీరితోబాటు ఇంగ్లాండునకు చెందిన డెనిస్ కాంప్టన్. కాంప్టన్ యుద్ధకాలపు సైనికోద్యోగమున ఇందూరు దగ్గరి మౌ దండులో సార్జంటుగా నుండి, హోల్కారు పక్షమున ఆడెను. ఆ ఏడు మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ మైదానమున బొంబాయి జట్టుతో తుదిపోటీ జరిగెను. కాలపరిమితి లేని మ్యాచి అది. ఎన్ని దినములైనను ఒకరు గెలువవలసినదే.

బొంబాయి మొదటిసారి 462 పరుగులు చేసెను. హోల్కారు 360. బొంబాయి రెండవసారి 764. అందు విజయ మర్చంటువి 278. హోల్కారునకు గెలుచుటకు 867 కావలసి వచ్చెను. 492 చేసి, 374 పరుగుల తేడాతో ఓడిరి. ముష్తాక్ రెండుసార్లును శతకములు కొట్టెను. కాంప్టన్ 249 పరుగులు చేసి కడవరకు నిలిచెను. ఆ కాంప్టన్ తరువాతి కాలమున ఒక ముచ్చట చెప్పుచుండెడివాడు. ఆటకు ముందొక ధనికుడు వచ్చి, నూరు దాటిన ప్రతి పరుగునకు ఇంత సొమ్ము ఇత్తునని మాట యిచ్చెనట. నూటనలుబదితొమ్మిది పరుగుల బాకీ. ఆట ముగిసిన పిదప అడుగబోగా, అత్యవసరమైన పనిమీద కలకత్తా పోయితినని చీటీ వ్రాసిపెట్టి వెళ్లెనట. అంతటివానికే అట్లు జరిగినప్పుడు తక్కినవారి బేరములు ఎట్లుండెడివో ఊహింపవచ్చును.

సుబ్బన్న నాయుడు ఏమి చేసెను? మొదటి ఇన్నింగ్సులో అరువదినాలుగు ఓవర్ల అయిదు బంతులు వేసి, 153 పరుగులిచ్చి, ఆరు వికెట్లు తీసెను. రెండవదానిలో ఎనుబదియెనిమిది ఓవర్లు వేసి, 275 పరుగులిచ్చి, అయిదు వికెట్లు తీసెను. ఓవరనగా ఆరు బంతులు. అన్నియు కూడగా 917 బంతులు. ఒకే మ్యాచిలో ఒకే మనిషి. మొదటి తరగతి క్రికెట్‌లో ప్రపంచమున ఎక్కడను ఒక మ్యాచిలో ఇన్ని బంతులు మరియెవ్వరును వేయలేదు. అప్పుడును లేదు, తరువాతను లేదు.

ఈ అంకెను కంటికి కట్టునట్లు చూడవలెను. ఇరువది ఓవర్ల ఆటలో నేడు ఒక బౌలరు నాలుగు ఓవర్లకు మించి వేయరాదు. అనగా ఇరువదినాలుగు బంతులు. 917 బంతులు వేయుటకు అట్టి మ్యాచులు ముప్పదితొమ్మిది ఆడవలెను. ఒక్కొక్క బంతికి పరుగెత్తి వచ్చుట, మరల వెనుకకు నడచుట కలిపి ఇరువది అడుగులనుకొన్నను, పదునెనిమిది వేల అడుగులు దాటును. శ్రీకాకుళము పట్టణము నుండి ఆమదాలవలస రైలు స్టేషనుకు నడచిపోయినంత దూరము. నడకయే కాదు, ప్రతి ఇరువది అడుగులకు ఒకసారి భుజము పూర్తిగ త్రిప్పి, మణికట్టు విఱిచి, బంతి విడువవలెను. మిగిలిన సమయమున మార్చి నెల బొంబాయి ఎండలో నిలిచి బంతుల నాపవలెను. మణికట్టుతో త్రిప్పువాని వ్రేలి చర్మము బంతి కుట్టునకు రాచుకొని ఒలిచికొనిపోవుట ఆ విద్యలో సామాన్యము. బంతి చేతికిచ్చినవాడు నాయకుడు; ఆ నాయకుడు అన్న. ఇక చాలునని తమ్ముడు అన్నట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

ఇందుకు జోడుగా మరియొక అంకె కలదు. రెండు ఇన్నింగ్సులలో కలిపి ఆయన ఇచ్చిన పరుగులు 428. బొంబాయి చేసిన 1,226 పరుగులలో మూడవ వంతునకు కొంచెము మించి. ఇదియును ప్రపంచములో అన్నిటికంటె పెద్ద అంకెయే. ఒక మ్యాచిలో ఇన్ని పరుగులిచ్చిన బౌలరు వేరొకడు లేడు. అందరికంటె ఎక్కువ పనిచేసినవాని పేరనే అందరికంటె ఎక్కువ దెబ్బలు తిన్న లెక్కయు వ్రాయబడినది. ఇల్లు కట్టు తాపీమేస్త్రీలలో ఎక్కువ ఇటుకలు పేర్చినవాని చేతనే ఎక్కువ ఇటుకలు పగులును గదా. ఆ మ్యాచి మాట వచ్చినప్పుడెల్ల లోకము కాంప్టన్ ఆటను చెప్పును, మర్చంటు ఆటను చెప్పును. పదునొకండు వికెట్లు తీసినవానిని గూర్చి చెప్పునది తక్కువ. మరుసటి ఏడు, 1945-46లో, హోల్కారు జట్టు ట్రోఫీ గెలిచినది.

1946లో ఆయన మరల ఇంగ్లాండు పోయెను. 1947-48లో, స్వాతంత్ర్యము వచ్చిన పిదప తొలి పర్యటనగా, ఆస్ట్రేలియా పోయెను. బ్రాడ్‌మన్ జట్టు ఎదుట మనవారి బౌలర్లందరును తలవంచిన కాలమది. నాయకుడు లాలా అమరనాథ్. పదునొకండేండ్ల క్రిందట నడుమనే ఇంటికి పంపబడిన ఆ అమరనాథే. ఇంతలో దేశమున పటము మారిపోవుచుండెను. ఇందూరు 1948లో మధ్యభారత రాష్ట్రమున కలిసెను. బరోడా 1949లో బొంబాయి రాష్ట్రమున కలిసెను. సంస్థానములు పోవుట ప్రజలకు మేలే; దానికి విచారింప నక్కరలేదు. అయితే రాజుగారి ఖజానా మీద ఆధారపడిన చేతిపనివారికి, గాయకులకు, పహిల్వానులకు, వారితోబాటు బంతి వేయువారికిని ఆ సంధికాలము కష్టమైనదే. విజయనగర కోటలో సంగీతము, కుస్తీ, నాటకము ఏ తీరున పోషింపబడెనో విన్నవారికి ఈ మాట దూరము కాదు. హోల్కారు పేరు జట్టునకు 1954-55 వరకు నిలిచినది. తరువాత అదియును పోయినది.

సుబ్బన్న నాయుడు జట్లను వరుసగా చెప్పిన రైలుబండి స్టేషనుల పట్టిక చదివినట్లుండును: మధ్యపరగణాలు–బేరారు, మధ్య ఇండియా, బరోడా, హోల్కారు, బెంగాలు, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్. ముప్పదేండ్లలో ఎనిమిది జట్లు. ఇంగ్లాండున క్లబ్బులు బహిరంగముగ జీతమిచ్చి పరదేశీయులను పెట్టుకొనుచుండెను. మన అమర్ సింగ్ లాంకషైర్‌లో కోల్న్ అను ఊరి క్లబ్బునకు ఆడెను. వినూ మన్కడ్ 1952లో హాస్లింగ్డెన్ అను ఊరి క్లబ్బుతో ఒప్పందము చేసికొనెను. పర్యటన జట్టులో తప్పక చోటిత్తుమని బోర్డు మాట ఇయ్యకపోగా, ఆయన క్లబ్బు జీతమునకే పోయెను. తరువాత లార్డ్స్ టెస్టునకు బోర్డువారే బ్రతిమాలి పిలిపించుకొనగా, వచ్చి 72, 184 పరుగులు చేసి, అయిదు వికెట్లు తీసెను. ఆ కాలపు ఆటగాండ్రు చెప్పిన దానినిబట్టి ఒక టెస్టునకు చేతికి వచ్చునది రమారమి 250 రూపాయలు. దానితో ఒక ఇల్లు నడువదు. అందుచేత ఆటగాడు ఊరు మారుట దురాశ కాదు.

ఈ సంగతి శ్రీకాకుళమువారికి ఇతరులు చెప్పవలసిన పని లేదు. ఈ జిల్లా ఇండ్లలో రంగూను పోయిన తాతగారి కథ లేని ఇల్లు అరుదు. ఖరగ్‌పూరు రైలు కర్మాగారమునకు పోయినవారు, గుజరాతులో వేరావల్ రేవునకు పడవల మీద కూలికి పోవు మత్స్యకారులు, హైదరాబాదున మేడలు కట్టువారు, వీరందరు పని ఉన్న చోటికి పోయినవారే. పోయినవానిని ఊరు నిలకడ లేనివాడనదు. డబ్బు పంపుచున్నాడా, పండుగకు వచ్చినాడా అని మాత్రమే అడుగును. ఆటగాని విషయములో మాత్రము, ఒక జట్టునకు కట్టుబడి ఉండనివానికి అభిమానము లేదని పత్రికలు వ్రాయును. ఇది సరియైన మాట కాదు.

ఎనిమిది జట్లలో మనకు దగ్గరిది ఆరవది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. ఆ ఋతువుననే ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ ట్రోఫీలో దిగినది. క్రొత్త రాష్ట్రము, క్రొత్త సంఘము, అనుభవము లేని పిల్లవాండ్రు. నాయకత్వము వహించుటకు ఏబదియెనిమిదేండ్ల కనకయ్య నాయుడు వచ్చెను. అదే ఆంధ్ర జట్టునకు సుబ్బన్న నాయుడును ఆడెను. 1936లో మాంచెస్టరున నలుగురు తెలుగువారు ఆడినప్పుడు లేని జట్టు, పదునేడేండ్ల తరువాత ఏర్పడినది. నాయుడు సోదరులకు అప్పటికి భుజములలో బలము తగ్గియుండెను. అయినను ఇంటిపేరు పుట్టిన దేశమునకు ఒకసారి ఆడిరి. ఇది ఉద్యోగమా, అభిమానమా అని ప్రశ్నించిన, రెండును కావచ్చును. దూరదేశమున కూలి చేసినవాడు ముసలితనమున ఊరిలో ఇల్లు కట్టినప్పుడు దానిని ఎవరును లాభనష్టముల లెక్కలో వేయరు.

తరువాత సోదరులిద్దరును ఉత్తరప్రదేశ్ జట్టునకు ఆడిరి. ఆ రాష్ట్ర క్రికెట్ సంఘమును నడిపినవారు విజ్జీగారు. ఇరువదేండ్ల క్రిందటి కలహము ఏమైనదో గాని, 1956-57లో అరువదియొకటవ యేట కనకయ్య నాయుడు విజ్జీగారి రాష్ట్రపు జట్టునకు నాయకుడై నిలిచెను. పెద్దవారి పగలు ఎట్లున్నను, ఆట కావలసినవాడు, ఆడగలవాడు ఎక్కడనో ఒకచోట కలియవలసినదే. విజ్జీగారు 1965లోను, కనకయ్య నాయుడు 1967లోను మరణించిరి. సుబ్బన్న 1960-61 వరకు మొదటి తరగతి మ్యాచులు ఆడుచునే యుండెను. అప్పటికి నలుబదియారేండ్లు. కడపటి జట్టు మధ్యప్రదేశ్. తిరిగి తిరిగి మరల ఇందూరు ప్రాంతమునకే చేరినట్లు.

నేడు కాలము మారినది. 2014 నుండి కబడ్డీ ఆటగాండ్రకును వేలము జరుగుచున్నది; విశాఖపట్నమున ఆడిన తెలుగు జట్టును ఈ జిల్లావారు పోయి చూచిరి. పల్లె మైదానములో కూతపెట్టిన పిల్లవాడు ఇతర రాష్ట్రపు జట్టునకు ఆడి సంపాదించుట నేడు వింత కాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము, వైద్యము, వయస్సు మీరిన పిదప పింఛను అను మాటలు ఆటలోనికి వచ్చినవి. మాజీ క్రికెట్ ఆటగాండ్రకు బోర్డువారు నెలనెల పింఛను ఏర్పాటు చేసినది 2004 ప్రాంతమున. పల్లెలో బంతి పట్టు పిల్లవానికి తండ్రి అడుగు ప్రశ్న మాత్రము నాటిదే: ఆడిన తరువాత ఏమి తిందువు? ఈ ప్రశ్నకు సుబ్బన్న నాయుడు జీవితములో పూర్తి సమాధానము లేదు. ఆడినన్ని నాళ్లు ఆడెను. ఆడుటకు ఎక్కడికి పోవలసిన అక్కడికి పోయెను. చేతికి బంతి ఇచ్చినప్పుడు కాదనలేదు. సమాధానమునకు అంతవరకే ఆధారము కలదు.

కొఠారి సుబ్బన్న నాయుడు 2002 నవంబరు 22న ఇందూరులో మరణించెను. అప్పటికి ఎనుబదియెనిమిదేండ్లు. పరిమితి లేని మ్యాచులు మన దేశమున ఎప్పుడో ఆగిపోయినవి. నేటి రంజీ లీగు మ్యాచి నాలుగు దినములది, దినమునకు తొంబది ఓవర్ల చొప్పున మొత్తము మూడువందల అరువది. అందులో ఒక మనిషి చేత నూటఏబది ఓవర్లు వేయించు నాయకుడు పుట్టబోడు. కావున క్రికెట్ లెక్కల పుస్తకములలో, ఒక మ్యాచిలో ఎక్కువ బంతులు వేసినవారి పట్టికలోను, ఎక్కువ పరుగులిచ్చినవారి పట్టికలోను, మొదటి వరుసలో ఆయన పేరే నేటికిని ఉన్నది. ఒకచోట 917, ఒకచోట 428.